మామిడి కొమ్మ మీద వేరే చెట్టు ఎలా మొలిచింది?

ముదురు మామిడి చెట్టును తలెత్తి చూడండి. ఒక కొమ్మ మీద మాత్రం ఆకులు వేరేగా, దళసరిగా, గుబురుగా కనిపిస్తున్నాయా? అది మామిడి కాదు, బదనిక. మట్టి లేని చోట ఎలా మొలిచిందంటారా?

విత్తనం తెచ్చింది ఓ బుల్లిపిట్ట. పొడవు 8 సెంటీమీటర్లే, పిచ్చుక కన్నా చిన్నది. బదనిక పండంటే దానికి ప్రాణం. గుజ్జు అరుగుతుంది కానీ విత్తనం అరగదు, నక్కెర కాయ బంకలాంటి జిగురుతో బయటికొస్తుంది. అది ఒంటికి అంటుకుంటే పిట్ట ఊరుకుంటుందా? కొమ్మకేసి రుద్దేస్తుంది. అలా విత్తనం కొమ్మకు అతుక్కుపోతుంది.

మొలక వేరులాంటి మేకును బెరడులోకి దింపి, మామిడి నీటిగొట్టాలను అందుకుంటుంది. పక్కింటి పైపుకు మన పైపు తగిలించుకున్నట్టన్నమాట! నీళ్లు, లవణాలు మామిడివి. వంట మాత్రం తనదే, ఆకులు పచ్చగా ఉన్నాయిగా, ఎండతో వండుకుంటుంది.

పాపం, మామిడికి ఇది నష్టమే. కొమ్మ నీరసించి కాపు తగ్గుతుంది. బదనిక ఆకులు దూస్తే మళ్లీ చిగురిస్తుంది. అందుకే రైతులు అతుకు దగ్గర ఉబ్బిన బుడిపెకు కింద, కొమ్మనే కోసేస్తారు.

అయినా బదనికను పూర్తిగా తిట్టలేను. దాని గొట్టాల్లాంటి పూలలో తేనెపిట్టలు ముక్కు దూర్చి తాగుతుంటే చూశారా?