సొంత కంప్యూటరుపై కాఫ్కా: కృష్ణా వరద కొలతల పునఃప్రవాహం

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్ళింది. 2009 అక్టోబరు నాటి వరదను మించిన ప్రవాహమిది. ఇటువంటి వరద కొలతలను పట్టికగా చూస్తే అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. వరద హెచ్చరిక విధానమేదైనా పరీక్షించదలచిన పరిశోధకునికి ఇది చాలదు. కొలతలు వచ్చిన క్రమంలో ఒకదాని వెనుక ఒకటి రావాలి, రాబోయే గంట సంగతి ప్రోగ్రాముకు ముందుగా తెలియకూడదు. సందేశ ప్రవాహ వేదికలలో ప్రసిద్ధమైన అపాచీ కాఫ్కాను సొంత కంప్యూటరుపై నెలకొల్పుకుంటే ఈ పని సాధ్యమవుతుంది.

2011లో లింక్డిన్ సంస్థ ఓపెన్ సోర్సుగా విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ స్వభావం, కాలువల మీద లస్కర్లు రాసే నీటిమట్టాల రిజిస్టరును పోలినది. కొత్త నమోదు ఎప్పుడూ చివరనే చేరుతుంది. చదివినంత మాత్రాన పాతది చెరిగిపోదు. ఎవరు ఎంతవరకు చదివారో తెలిపే వరుస సంఖ్య ఆఫ్‌సెట్. దానిని మొదటికి జరిపితే అదే వరద మళ్ళీ మొదలవుతుంది. రిజిస్టరుకు ఇక్కడ టాపిక్ అని పేరు, అందులోని భాగాలు పార్టిషన్లు. వరుసక్రమానికి హామీ ఒక్కొక్క పార్టిషన్ లోపలే ఉంటుంది కనుక, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ కొలతలను కలిపి కాలక్రమంలో చదవదలిస్తే ఒకే పార్టిషన్ ఉంచడం మేలు.

నెలకొల్పడం పెద్ద పని కాదు. 2025 మార్చిలో వచ్చిన 4.0 వెర్షన్‌తో జూకీపర్ అవసరం పూర్తిగా తొలగింది. దానిని ముందుగా నడపమనే పాత పాఠాల సూచన ఇప్పుడు చెల్లదు. జావా 17 గాని ఆపై వెర్షన్ గాని ఉన్న కంప్యూటరులో కాఫ్కాను దించుకొని, క్లస్టరుకు ఒక గుర్తింపు సంకేతాన్ని సృష్టించి, దానితో నిల్వ ఫోల్డరును ఫార్మాట్ చేసి, సర్వరును ప్రారంభించాలి. అది 9092 పోర్టులో అందుబాటులోకి వస్తుంది.

అసలు చిక్కు ఆ తరువాతిది. కాఫ్కాతో వచ్చే నమూనా అమరికలో నిల్వ స్థలం తాత్కాలిక ఫోల్డరు. చాలా లినక్స్ వ్యవస్థలలో కంప్యూటరును ఆపి తిరిగి తెరిచేసరికి అది ఖాళీ అవుతుంది. దీనిని మార్చుకోవడం సులభమే. సందేశాల నిల్వ గడువు మాత్రం ఇంతకంటె ప్రమాదకరం. మనం మార్చకపోతే ఆ గడువు 168 గంటలు. కొలతకు 2024 నాటి సమయాన్నే సందేశ సమయంగా జతచేసి పంపితే, కాఫ్కా లెక్కలో అది ఏనాడో గడువు తీరిన సందేశం. అయిదు నిమిషాలకొకసారి జరిగే తనిఖీలో అది తొలగిపోతుంది. పంపిన ప్రోగ్రాముకు దోషసూచన ఏదీ అందదు. గంటకొక కొలత చొప్పున ఉన్న పదిరోజుల వరదను సెకనుకొకటిగా పంపితే నాలుగు నిమిషాలలో ముగుస్తుంది. అందువల్ల మొదటి ప్రయోగం సక్రమంగానే సాగినట్లు కనిపించి, రెండవసారి చదవబోతే టాపిక్ ఖాళీగా ఉండవచ్చు.

కొలత సమయాన్ని సందేశం లోపల రాసి, పంపిన సమయాన్నే కాఫ్కాకు ఇవ్వడం ఒక మార్గం. కాని గంటల వారీ సగటులు లెక్కించే ఉపకరణాలు సాధారణంగా సందేశ సమయాన్నే ఆధారం చేసుకుంటాయి. కనుక టాపిక్‌ను సృష్టించేటప్పుడే దాని నిల్వ గడువును మైనస్ 1గా, అంటే గడువు లేనిదిగా, నిర్ణయించడం ఉత్తమం. ఒకే యంత్రంపై ఒకే ప్రతి ఉంటుంది గనుక మూల పట్టికను వేరొకచోట భద్రపరచాలి.