పై చదువు దరఖాస్తూ, మన ఇంటిపేరూ

నేనొక గుమాస్తాను. ఇతరుల కాగితాలలో తప్పులు వెదకి, ఎర్రసిరాతో గీత గీసి వెనక్కు పంపడం ఇరవై ఏండ్లుగా నా ఉద్యోగం. నా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తోనే ఆగిపోయినది. అయినా దరఖాస్తుల విషయంలో నన్ను మించినవాడు లేడని నాకొక గర్వముండేది. ఆ గర్వం వల్లనే మా అమ్మాయికి ఒక సంవత్సరం వృథా అయినది. ఈ సంగతి వ్రాయడానికి సిగ్గుగానే ఉన్నది. కాని ఈ యేడు డిగ్రీ ముగించబోయే పిల్లలు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు గనుక వ్రాస్తున్నాను.

మాది హోసూరు. ఇంటిలో తెలుగు, ఆఫీసులో తమిళం, సంతలో కన్నడం కూడ. అమ్మాయి ఇక్కడే బి.యస్సీ. గణితం చదివినది. “ఎం.యస్సీ. మాత్రం తెలుగు సీమలో చదువుతాను నాయనా” అన్నది. పైకి ఖర్చుల మాట ఎత్తినానే గాని లోలోపల నాకు సంతోషమే. ఒకప్పుడు ప్రయాణం ఇటే ఉండేది. 1857లో స్థాపించిన మద్రాసు విశ్వవిద్యాలయమే కోస్తా, రాయలసీమ తెలుగువారికి పట్టాలిచ్చినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలసిన తర్వాత గదా ఆ రాక తగ్గినది! ఇప్పుడు మన పిల్లలు అటు బయలుదేరుతున్నారు.

అయితే అక్కడ మనమెవరము? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలోనూ నూటికి 85 సీట్లు స్థానికులవి. స్థానికుడంటే తెలుగు మాట్లాడేవాడని అర్థం కాదు. ఆ ప్రాంతంలో నిర్ణీతమైన ఏండ్లు చదివినవాడు, లేదా నివసించినవాడు. ఏడు తరాలుగా ఇంటిలో తెలుగే మాట్లాడుతున్నామంటే ఆ గడిలో వ్రాయడానికి చోటు లేదు. మన తాసిల్దారు ఇచ్చిన వెనుకబడిన తరగతుల సర్టిఫికెట్టు కూడ ఆ రాష్ట్రపు రిజర్వేషనుకు చెల్లదు. కోపగించుకొని లాభం లేదు. బయటినుండి వచ్చేవారిపట్ల మన తమిళనాడు నిబంధన కూడ ఇదే.

అందుచేత మా చూపు కేంద్ర విశ్వవిద్యాలయాల మీదికి పోయినది. 1973 నాటి ఆరు సూత్రాల ఫలితంగా 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం అటువంటిది. 2018లో మొదలైన అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయమూ అటువంటిదే. వీటిలో హోసూరు పిల్లకూ హన్మకొండ పిల్లకూ ఒకటే కొలత. ప్రవేశానికి సి.యు.ఇ.టి. – పి.జి. అనే ఉమ్మడి పరీక్ష ఒకటి 2022 నుండి జరుగుతున్నది. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పైతే ఒకటి కోత.

మొదటి ఏడు అమ్మాయి ఈ పరీక్ష వ్రాసినది. దరఖాస్తులో తాను కోరిన విశ్వవిద్యాలయాల పేర్లు ఇచ్చినది. మంచి మార్కులే వచ్చినవి. ఇక సీటు ఉత్తరువు వస్తుందని నేను రోజూ దాని ఫోను చూడమంటూ కూర్చున్నాను. “ఇంకొక దరఖాస్తు ఏదైనా వేయాలేమో నాయనా” అని అది ఒకసారి అన్నది కూడ. “ఒక పనికి రెండు దరఖాస్తు లెందుకమ్మా?” అని కసరినాను. నిజానికి రెండు కావలసినవే! ఆ పరీక్ష మార్కులు మాత్రమే ఇస్తుంది. ఆ మార్కులు చూపి ఒక్కొక్క విశ్వవిద్యాలయానికీ, దాని సొంత వెబ్‌సైటులో, విడిగా దరఖాస్తు పెట్టి రుసుము కట్టాలి. ఈ సంగతి తెలిసేసరికి గడువు దాటి పోయినది. ఆ రాత్రి అమ్మాయి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

రెండవ ఏడు ముందే మేలుకొన్నాము. అప్పుడు బయటపడినది పేరు చిక్కు. దీనిని గురించే మన కుటుంబాలవారు శ్రద్ధగా చదవాలని నా కోరిక. తెలుగు సీమలో పేరుకు ముందుండే అక్షరం ఇంటిపేరుది. తమిళనాడులో అది తండ్రి పేరుది. పసుపులేటివారి రామయ్యకు అక్కడ కూతురు పుడితే ‘పి.’, ఇక్కడ పుడితే ‘ఆర్.’! మా అమ్మాయి పదవ తరగతి జాబితాలో నా పేరు అక్షరం వెనుక ఉన్నది. డిగ్రీ జాబితాలో ముందుకు వచ్చినది. ఆధారులో, మా ఆవిడ ముచ్చటపడి చెప్పగా, ఇంటిపేరు పూర్తిగా ఎక్కినది. కంప్యూటరు దరఖాస్తులో ‘సర్‌నేమ్’ అనే గడి వచ్చేసరికి బ్రౌజింగ్ సెంటరు కుర్రవాడు నా ముఖం చూసినాడు, నేను అమ్మాయి ముఖం చూసినాను.

ఇంటిపేరు తీసివేయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. “ఉన్న ఆనవాలు అదొక్కటే” అన్నది. నేను రెండు రోజులు వాదించి, చివరకు ఆఫీసు బుద్ధితోనే తేల్చినాను. పదవ తరగతి జాబితాలో ఎట్లా ఉంటే అట్లాగే అన్నిచోట్లా. ఆధారును దానికి సరిగా దిద్దించడం. డిగ్రీ జాబితాలోని తేడాకు ఇద్దరూ ఒకరేనని స్టాంపు కాగితం మీద నోటరీ ప్రమాణపత్రం. ఆధారు దిద్దించిన నాడు మా ఆవిడ అన్నం తినలేదు.

తక్కిన కాగితాలు ఇంత కష్టపెట్టలేదు. కాని ఒకటి మరువకండి: మన పిల్లల స్కూలు నాటి కులపత్రం కేంద్ర విశ్వవిద్యాలయానికి చాలదు. ఓ.బి.సి. అని కేంద్ర నమూనాలో వేరే తీసుకోవాలి. దానికి ఆదాయ పరిమితి 2017 నుండి ఎనిమిది లక్షలు. మన కులం పేరు తమిళనాడుకు సంబంధించిన కేంద్ర జాబితాలో ఉన్నదా అని ముందు చూసుకోవాలి. ఆంధ్ర జాబితాలో ఉంటే మనకు పనికి రాదు. రాష్ట్రం మారేవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్టు కూడ అవసరం. మా జిల్లా కాలేజీలు సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయానికి చేరినవి గనుక అది అక్కడినుండి రావాలి.

ఈసారి సీటు వచ్చినది. చేరేనాడు కాగితాలు చూసిన గుమాస్తా నావంటివాడే, ప్రమాణపత్రాన్ని రెండుసార్లు త్రిప్పి చూసి, “మీ ఇంటిపేరేమిటండీ?” అని తెలుగులో అడిగినాడు. నేను నోరు విప్పేలోగానే అమ్మాయి చెప్పేసినది. ఆయన తల ఊపి, ఏమీ వ్రాసుకోకుండా, ముద్ర వేసినాడు.

ఈ నెల ఆదివారాలు ఉదయం పది గంటలనుండి నేను మన సంఘ భవనంలో ఉంటాను. డిగ్రీ చివరి ఏడు చదివే పిల్లలున్నవారు పదవ తరగతి జాబితా, డిగ్రీ జాబితా, ఆధారు – మూడూ తీసుకొని రండి. ఒక్కటే తెస్తే చూడడానికేమీ ఉండదు.