కరెంటు పెట్టుడు అయిపోయినా తోలు కోలుకోనీకి టైమ్ పడ్తది

రేడియేషన్‌ను మన ఊర్లల్ల 'కరెంటు పెట్టుడు' అంటరు. రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లకు ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ అయినంక ఇంట్ల అందరు ఇగ గండం గడిచింది అనుకుంటరు. మా అమ్మకు కరెంటు అయిపోయి ఇంటికొచ్చిన వారానికి సంక కింద తోలు నల్లగ కమిలి, పొట్టు లేసి, నీరు కారుడు షురువైంది. రోగం మళ్ల తిరగబెట్టిందని వాడకట్టోళ్లు అన్నరు.

తిరగబెట్టలే. మన తోలు అడుగున ఎప్పుడూ కొత్త కణాలు పుడ్తనే ఉంటయి, పైది అరిగిపోతే కిందికెల్లి కొత్తది వస్తది. కరెంటు ఆ అడుగు పొరను దెబ్బ కొడ్తది. పైన అరుగుడు ఆగదు, కింద పుట్టుడు తగ్గుతది. గందుకే కరెంటు ఆపినంక ఒకటి రెండు వారాలకు మంట ఇంకా ఎక్కువైతది. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలల్ల చానామందికి మానుతది. నలుపు మాత్రం నెలల తరబడి ఉంటది.

అసలు కష్టం ఏందంటే, పుండు ఉన్న జాగ. కొడుక్కు చెప్పలేదు, కోడలుకు సూపియ్యలేదు. పైట కప్పుకొని ఊకుంటది. లేకుంటే పసుపు, యాపాకు నూరి పెట్టుకుంటది. పచ్చిగ ఉన్న తోలు మీద అవి పెడితే మంట పెరుగుతది, చీము పట్టొచ్చు. బామ్, పౌడర్ సుత వద్దు. మెడికల్ షాపుల ఏదో ఒక ట్యూబు అడిగి తెచ్చుడు అసలే వద్దు. స్టెరాయిడ్ క్రీమ్ కొందరికి డాక్టరే రాస్తడు, అది వేరే ముచ్చట. ఎన్ని రోజులు పెట్టాల్నో ఆయనకు తెలుసు.

గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, రుద్దకుంట మెల్లగ అద్దుడు, వదులు కాటన్ జాకెట్టు. తోలు పగలకుంటే వాసన లేని మాయిశ్చరైజర్ పెట్టొచ్చు. నీరు కారుతుంటే మాత్రం ఏం పెట్టాల్నో దవాఖానల అడగాలె. తమ్మీ, నువ్వు సూడాల్సిన పని లేదు. "అమ్మా, మండుతుందా? నీరు కారుతుందా? జరం ఉందా?" అని అడుగు చాలు. మా అమ్మ గట్ల అడిగితెనే చెప్పింది.

ఇగ చెయ్యి సంగతి. ఆపరేషన్‌ల సంకల గడ్డలు తీసేస్తే ఆ చేతికెల్లి నీరు సక్కగ దిగదు. వాపొస్తది, చిన్న గాయమైనా జల్ది చీము పడ్తది. పత్తి ఏరేటప్పుడు కాయ మొనలు గీరుకుంటయని మా అమ్మ చీర మీద నాయిన పాత అంగీ తొడుక్కుంటది, చేతులకు గ్లౌజులు ఏసుకుంటది. కరెంటు పెట్టిన జాగకు ఎండ సుత తగలనియ్యొద్దు. ఆ చేతికి బిగుతు గాజులు వద్దంటే మా పెద్దమ్మ కొట్లాడింది, ముత్తయిదువ చెయ్యి ఖాళీగ ఉంటదా అని. వదులుది ఒక్కటి ఏసుకుంటే అయిపాయె.

టామోక్సిఫెన్, లెట్రోజోల్ అసొంటి గోలీలు చానామందికి ఐదేండ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఇస్తరు. వాటితోని ఒంట్ల ఆవిర్లు వస్తయి, తోలు ఎండిపోవచ్చు. గట్లని సొంతంగ బంద్ చెయ్యొద్దు. డాక్టర్‌కు చెప్తే తిప్పలు తగ్గిచ్చే దారి సూస్తడు.

చెయ్యి గానీ, రొమ్ము గానీ ఎర్రగ అయి, వేడెక్కి, జరం వస్తే అదే రోజు దవాఖానకు తీస్కపోవాలె, రేపు అనొద్దు. కుట్ల కాడ కొత్త గడ్డ, తగ్గని దద్దుర్లు, నెలలు గడిచినా మానని పుండు కనిపిస్తే తర్వాతి చెకప్ తారీఖు దాక ఆగొద్దు. ఫైలు మీద దవాఖాన నంబర్ ఉంటే మీ ఫోన్ల సేవ్ చేసుకోన్రి, అమ్మ ఫోన్ల గూడ.