మాట్లాడని అమ్మాయి, మాట వినని అబ్బాయి

ఘోర ప్రమాదమో, దాడో, యుద్ధమో ఎదుర్కొన్న మనిషిని ఆ భయం నెలల తరబడి వదలకుండా పీడిస్తే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. 1995లో అచ్చయిన ఒక అమెరికా జాతీయ సర్వే లెక్క ప్రకారం, అలాంటి అనుభవం ఒక్కసారైనా ఎదురైనవారు మగవారిలో నూటికి 61 మంది, ఆడవారిలో 51 మంది. జబ్బు పడ్డవారు మాత్రం మగవారిలో 5 శాతం, ఆడవారిలో 10 శాతం. ఈ అంకెలు వినగానే ‘ఆడవాళ్ళ గుండె మెత్తన, తట్టుకోలేరు’ అనేవాళ్ళు ఎందరో. ఆ తీర్పు తప్పని నా వాదన. పెద్దయ్యాక తగిలే దెబ్బకు మనిషి ఎలా స్పందిస్తాడన్నది పసితనం నుంచే రూపు కడుతూ వస్తుంది. చిన్ననాటి ఒత్తిడి ఆడపిల్లనూ మగపిల్లవాణ్ణీ ఇద్దరినీ గాయపరుస్తుంది. కాకపోతే ఆ గాయం బయటపడే దారులు వేరు. మనం ఒక దారినే గుర్తుపడుతున్నాం.

ఇక్కడ ఒత్తిడి అంటే పరీక్షల భయం కాదు. ఇంట్లో నిత్యం కొట్లాటలు, దెబ్బలు, లైంగిక వేధింపు, ఏడిస్తే ఎత్తుకునే దిక్కు లేకపోవడం. ఆపద కనిపిస్తే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ విడుదలవుతుంది. ఆపద దాటాక అదే కార్టిసాల్ మెదడుకు ‘ఇక చాలు’ అని కబురు చేరవేయాలి. తల్లి సరిగా నాకని ఎలుక పిల్లల్లో ఆ కబురు అందుకునే గ్రాహకాలు తగ్గిపోతాయని, వాటి జన్యువు మీద ఒక రసాయన ముద్ర పడుతుందని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం 2004లో చూపించింది. ఆ పిల్లల్ని పుట్టగానే బాగా నాకే తల్లి దగ్గరికి చేర్చితే పరిస్థితి మారింది. బాల్యంలో హింసకు గురై, తర్వాత ఆత్మహత్య చేసుకున్నవారి మెదళ్ళలోనూ అలాంటి ముద్రే 2009లో కనిపించింది. కానీ ఆ మెదళ్ళన్నీ మగవారివి. అంతకుముందు 2000లో, బాల్యంలో వేధింపులకు గురైనవారి ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా ఎగసిపడతాయని క్రిస్టీన్ హైమ్ బృందం తేల్చింది. అందులో పాల్గొన్నవారంతా ఆడవారు. రెండూ విలువైన పరిశోధనలే. అయినా వాటిని పక్కపక్కన పెట్టి ఆడామగా తేడాలు తేల్చలేం.

ఆ పోలికకు పూనుకున్నవారు స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు. 2016లో వారు 9 నుంచి 17 ఏళ్ళ లోపు పిల్లలు 59 మందికి ఎమ్మారై తీశారు. వారిలో భయంకర అనుభవాల తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలున్న అమ్మాయిలు 14 మంది, అబ్బాయిలు 16 మంది. మిగతావారు అలాంటివేమీ ఎదురుకాని పిల్లలు. మెదడు లోపలి మడతల్లో ఇన్సులా అనే భాగం ఉంటుంది. గుండె దడ, కడుపులో దేవినట్టుండటం లాంటి ఒంటి సంకేతాలను పసిగట్టేది, వాటిని భావాలతో కలిపేది అదే. అందులోని ఒక భాగం గాయపడ్డ అబ్బాయిల్లో మామూలు అబ్బాయిలకంటే పెద్దగా, గాయపడ్డ అమ్మాయిల్లో మామూలు అమ్మాయిలకంటే చిన్నగా కనిపించింది. దెబ్బ తగలని పిల్లల్లో ఆడామగా తేడా లేదు. నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఇదే. అందరినీ కలిపి సగటు తీసి ఉంటే, ఒకవైపు పెరిగింది రెండోవైపు తగ్గినదానితో చెల్లిపోయి, ఏ తేడా లేదనే అనుకునేవాళ్ళం. 59 మంది చిన్న గుంపేననేది నిజమే. దెబ్బకు ముందే మెదడు అలా ఉందా, తర్వాత మారిందా అన్నది ఒక్క ఎమ్మారైతో తేలదు కూడా.

ఆడవారికి లైంగిక హింస ఎక్కువగా ఎదురవుతుంది కాబట్టే జబ్బూ ఎక్కువ అని కొందరంటారు. అది కొంతవరకే నిజం. పాతికేళ్ళ పరిశోధనలను కలిపి 2006లో పరిశీలించిన టోలిన్, ఫోవాలు, ఆ ఒక్క కారణంతోనే తేడా మొత్తాన్ని వివరించలేమన్నారు. మరికొందరు ఇదంతా పెంపకం అంటారు. దాన్ని తోసిపుచ్చలేం. ‘మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా’ అని వింటూ పెరిగిన పిల్లవాడి దిగులు తగాదాల్లో, తర్వాత తాగుడులో తేలుతుంది. దానికి మనం పెట్టే పేరు పోకిరితనం. నోరు విప్పని అమ్మాయికి బుద్ధిమంతురాలని కితాబిస్తాం. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలు పాల్గొన్నారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. అలా చెప్పినవారిలో దాదాపు 53 శాతం అబ్బాయిలే! వేధింపు ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అడిగితే చెప్పారు. ఇళ్ళలో, బడుల్లో అబ్బాయిల్ని ఎవరు అడుగుతున్నారు?

చిన్నప్పుడే దెబ్బతిన్నవారిని ఇక బాగుచేయలేమనేవారికి రొమేనియా జవాబు చెబుతోంది. బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్ళలో సగం మందిని, లాటరీ పద్ధతిలో ఎంచి, పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. నాలుగున్నరేళ్ళ వయసులో చూస్తే, ఆ కుటుంబాల్లో పెరిగిన అమ్మాయిల్లో దిగులు, ఆందోళన జబ్బులు బాగా తగ్గాయి. అబ్బాయిల్లో అంత స్పష్టమైన మేలు కనిపించలేదు. అబ్బాయిలకు ప్రేమ పట్టదని దీనర్థం కాదు. పెంచేవారితో భద్రమైన అనుబంధం ఆశ్రమంలోని అమ్మాయిలకంటే కుటుంబాలకు చేరిన అమ్మాయిలకు చాలా ఎక్కువగా కుదిరింది. అబ్బాయిల్లో ఆ తేడా రాలేదు. అది కుదిరినచోట అమ్మాయిల్లోనూ అబ్బాయిల్లోనూ ఆ జబ్బులు తక్కువే. అబ్బాయిలతో ఆ అనుబంధం ఎందుకు కుదరలేదో, ఎలా కుదురుతుందో తేల్చడం ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని.