పేరు వినబడని వాద్యకారుడు

పాట వినునపుడు మన చెవి గాయకుని వెంట పోవును. అడుగున నడచు మంద్రస్వరము ఎవరిదని అడుగము. పాశ్చాత్య సంగీతమున అది బేస్ వాద్యకారునిది.

1936లో జన్మించిన జేమ్స్ జేమర్సన్ అమెరికాలోని డెట్రాయిట్ నగరమున, పాఠశాలలో నిలువు బేస్ నేర్చెను, క్లబ్బులలో వాయించెను, గాయకుడు జాకీ విల్సన్ బృందముతో ఊరూరు తిరిగెను, తుదకు మోటౌన్ రికార్డింగు సంస్థలో స్థిరపడెను. బేస్ గిటారును చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటెడివాడు. ఎన్నో గీతములకు ఆధారమైనను, 1971లో మార్విన్ గే రికార్డు వెలువడువరకు ఆ సంస్థ అట్టలపై ఆతని పేరు కానరాలేదు. 1972లో సంస్థ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయెను; ఆతనికి పని తగ్గెను. 1983లో మరణించెను. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవము 2000లో గాని దక్కలేదు.

కచేరీకి ముందు ప్రక్కవాద్యముల వారి పేర్లు మేము చదువునపుడు, ఆ నాలుగు క్షణములు స్టేషను మార్చక వినుడని మా మనవి.