నల్ల పాచి పట్టిన గాజుతొట్టి
బీదర్ పక్కన కొల్హార్‌లో మా ఇంట్లో 40 లీటర్ల మొక్కల అక్వేరియం ఉంది. అనూబియాస్ ఆకుల అంచులకు నల్లటి పాచి గడ్డంలా పట్టింది. గోకినా రాదు. రంగు నలుపైనా ఇది ఎర్ర శైవలాల జాతి, అందుకే చచ్చేటప్పుడు గులాబీ రంగుకు తిరుగుతుంది.

మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, ఫిల్టర్ ఆపి, సిరంజితో పాచి మీదే వదులుతాను. తొట్టి మొత్తానికి 10 మిల్లీలీటర్లు దాటను. కాసేపటికి ఫిల్టర్ మళ్లీ వేస్తాను. రొయ్యలుంటే ఇంకా తగ్గించాలి. బాగా ముదిరిన ఆకును కత్తిరించేయడమే నయం.

అసలు కారణాలు మిగిలిన మేత, పడమటి కిటికీ ఎండ, అతి వెలుతురు. లైటు రోజుకు 6 గంటలు చాలు. పాచి తింటుందని సయామీస్ ఆల్గే ఈటర్ చేపను అంటగడతారు గానీ, అది ఆరు అంగుళాల దాకా పెరుగుతుంది. చిన్న తొట్టికి కొనకండి.