పెంపుడు సరీసృపాల గదిలో పొగ మసి, వాసన తొలగింపు: ఐటీ కారిడార్ నివాసితులు పాటించవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్: హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలోని బహుళ అంతస్తుల నివాసాలలో షార్ట్ సర్క్యూట్ వల్ల గాని, వంటగదిలో నూనె మాడిపోవడం వల్ల గాని పొగ కమ్ముకున్నప్పుడు, మంట ఆరగానే ప్రమాదం ముగిసినట్లు భావించడం పరిపాటి. ఇంటిలో ఒక గదిని ఇగువానాలకో, పాములకో, తాబేళ్లకో కేటాయించి పెంచుతున్న కుటుంబాల విషయంలో ఈ భావన ప్రాణాంతకం కాగలదు. గోడలపైన, గాజు తొట్టెలపైన, దీపాలపైన పేరుకున్న మసిని పూర్తిగా తొలగించనంత వరకు ఆ గదిలోని ప్రాణికి ప్రమాదం కొనసాగుతూనే ఉంటుంది. వాసనను మరొక వాసనతో కప్పిపుచ్చే ప్రయత్నం ఆ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి చేతుల మీదుగా సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ రాళ్లగుట్టల ప్రాంతం అపార్ట్‌మెంట్ల నగరంగా రూపుదిద్దుకున్నది. కిటికీలు మూసి, స్ప్లిట్ ఏసీలు నడిపే ఇళ్లు ఇక్కడ అధికం. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందే తప్ప బయటి గాలిని లోనికి తీసుకురాదు. పొగ ప్రవేశించిన గదిలో ఏసీ నడిపినట్లయితే మసి కణాలు లోపలి కాయిల్ పైన చేరి, ఆ తరువాత ఏసీ వేసిన ప్రతిసారీ వాసన వెలువడుతుంది.

అగ్నిప్రమాదాలలో మంట కంటే పొగయే అధికంగా ప్రాణాలు తీస్తుందన్న విషయం జంటనగరాల ఇటీవలి చరిత్రలో పలుమార్లు రుజువైనది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లోని ఒక హోటల్ భవనంలో విద్యుత్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన పొగ పై అంతస్తులకు వ్యాపించి 8 మంది మరణించారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక అసువులు బాశారు. 2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద 17 మంది ప్రాణాలు కోల్పోయారు. తలుపు తెరచి పరుగెత్తగల మనుషుల పరిస్థితియే ఇట్లుండగా, గాజు తొట్టెలో ఉన్న ప్రాణి సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. ఇష్టం లేనివారిని మెల్లగా వెళ్లగొట్టడాన్ని 'పొగపెట్టడం' అంటారు. కలుగులోని ఎలుక పొగకు బయటపడుతుంది గాని, మూతపెట్టిన తొట్టెలోని పాముకు పోవుటకు దారి లేదు.

సరీసృపాల శరీర నిర్మాణమే వాటిని పొగ విషయంలో నిస్సహాయులను చేస్తున్నది. క్షీరదాలకు ఉన్నట్లు డయాఫ్రం అనే కండర పొర వీటికి లేదు. అందువలన గట్టిగా దగ్గి ఊపిరితిత్తులలో చేరిన మలినాన్ని బయటకు నెట్టలేవు. అధిక జాతుల పాములలో కుడి ఊపిరితిత్తి మాత్రమే పూర్తిగా పనిచేస్తుంది, ఎడమది కుంచించుకుపోయి గాని, అసలే లేకుండా గాని ఉంటుంది. దీనికి తోడు పాములు, ఉడుము జాతి జీవులు నాలుక చాచి గాలిలోని, నేలపైని రసాయన కణాలను అంగిలిలోని జేకబ్సన్ అవయవానికి చేరవేస్తాయి. అంటే తొట్టె అంచున మిగిలిన మసిని ఆ ప్రాణి తన సహజ స్వభావం చేతనే నోటిలోనికి తీసుకుంటుంది. తక్కువ ప్రాణవాయువుతో కొంతకాలం నెట్టుకురాగల శక్తి వీటికి ఉండుట వలన లక్షణాలు వెంటనే బయటపడవు. ప్రమాదం జరిగిన రోజున నిక్షేపంగా కనిపించిన ప్రాణి కొన్ని రోజుల తరువాత నోరు తెరచి శ్వాసించడం, ముక్కు వద్ద బుడగలు రావడం, తల పైకెత్తి ఉంచడం, మేత మానివేయడం వంటి లక్షణాలు చూపవచ్చును. 'స్వల్ప ప్రమాదం, నష్టమేమీ లేదు' అని నమోదైన సంఘటనలలో సైతం ఈ కోణం దాగి ఉండే అవకాశమున్నదని గమనించవలసి ఉంది.

కనుక మొదటి పని శుభ్రత కాదు, ప్రాణిని ఆ గది నుంచి తరలించడం. పాములను నూలు సంచిలోను, తాబేళ్లను, ఇతర జీవులను రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ పెట్టెలోను ఉంచి పొగ సోకని గదికి చేర్చాలి. ఏసీ గదిలో 22 డిగ్రీల చలిలో వదలివేయరాదు. సరీసృపాలు తమ శరీర వేడిమిని తామే ఉత్పత్తి చేసుకోలేవు, చలిలో వాటి రోగ నిరోధక శక్తి మందగిస్తుంది. ఒంటిపై మసి ఉంటే గోరువెచ్చని నీటితో మాత్రమే కడగాలి, సబ్బు వాడరాదు. లక్షణాలు కనిపించకపోయినా పశువైద్యునికి చూపించడం శ్రేయస్కరం. సైబరాబాద్ పరిధికి చేరువలోనే రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉన్నది.

ఇక శుభ్రత విషయానికి వస్తే, సాధారణ పడకగదికి, సరీసృపాల గదికి ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. ఈ గదిని నిరంతరం వెచ్చగా, పలు సందర్భాలలో తేమగా ఉంచుతారు. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతానికి చెందిన బియర్డెడ్ డ్రాగన్‌కు ఎండ కాచుకునే చోట సుమారు 40 డిగ్రీల వేడిమి అవసరం. పొగలోని జిడ్డు పదార్థాలు వేడి తగిలినప్పుడు తిరిగి ఆవిరై గాలిలో కలుస్తాయి. హాలులో వారం రోజులలో మరుగునపడిన వాసన ఈ గదిలో నెలల తరబడి నిలిచి ఉండటానికి కారణమిదే. వర్షాకాలపు ఉక్కపోతలో పాత వాసన హఠాత్తుగా తిరిగి రావడం కూడ ఇందుచేతనే.

మసిపై తొలుతనే నీరు చల్లడం అందరూ చేసే పొరపాటు. తడి తగిలిన మసి ముద్దగా మారి గోడ రంధ్రాలలోనికి, చెక్కలోనికి దిగిపోతుంది. తొలి దశ అంతయు పొడిగానే సాగాలి. కిటికీలు తెరచి, ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు ధరించి, 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని పట్టి ఉంచగల హెపా ఫిల్టర్ అమర్చిన వ్యాక్యూమ్ క్లీనర్‌తో నుసిని పీల్చివేయాలి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ సన్నని మసిని వెనుక నుంచి తిరిగి గదిలోకే చిమ్ముతుంది. చీపురు వాడినా ఫలితం అంతే. తరువాత మసి తుడవడానికై తయారైన పొడి రబ్బరు స్పాంజితో పై నుంచి క్రిందికి, ఒకే దిశలో తుడవాలి, రుద్దరాదు. ఇది పూర్తయిన పిమ్మటనే గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి పాత్రల సబ్బు ద్రవం కలిపి కడగడం, మంచినీటితో రెండు మూడు పర్యాయాలు తుడిచి ఆరబెట్టడం. విద్యుత్ తీగల పీవీసీ తొడుగు కాలినప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ గాలిలోని తేమతో కలిసి ఆమ్లంగా మారుతుంది. తొట్టె మూతల జాలీలు, థర్మోస్టాట్ కొనలు, బల్బు హోల్డర్లు తుప్పు పట్టడానికి ఇది కారణం కనుక లోహపు భాగాల శుభ్రతను మరునాటికి వాయిదా వేయరాదు. స్కూటర్ బ్యాటరీ వంటి లిథియం బ్యాటరీలు కాలిన పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడ ఉండవచ్చును. అట్టి సందర్భాలలో ఇంటివారు స్వయంగా పూనుకొనక నిపుణులకు అప్పగించడం మంచిది.

గాజు, పింగాణీ, గట్టి ప్లాస్టిక్ వస్తువులు కడిగితే తిరిగి వాడుకొనవచ్చును. అడుగున పరచిన కొబ్బరి పీచు, ఇసుక, బెరడు, దాగుకొనే చెక్క గుల్లలు వాసనను పీల్చుకున్నవే కనుక వాటిని పారవేయవలసిందే. ఖరీదైన చెక్క వస్తువు విషయంలో యజమానులు వెనుకాడటం సహజమే గాని, ఎండబెట్టినంత మాత్రాన లోపల దిగిన పొగ పోదు. నీటి తాబేళ్ల తొట్టెలో నీరంతా తొలగించి, ఫిల్టర్‌లోని బొగ్గును మార్చి, క్లోరిన్ పోగొట్టిన నీటిని నింపాలి.

వాసన పోగొట్టే పేరిట జరిగే పనులే ఎక్కువ హాని చేస్తున్నవి. తెలుగు ఇళ్లలో ఏ దుర్వాసనకైనా మొదట గుర్తుకు వచ్చేది ఫినాయిల్. ఫినాల్ జాతి రసాయనాలు, పైన్ నూనెలు సరీసృపాలకు విషతుల్యం. తరువాతి ఆలోచన సాంబ్రాణి లేదా అగరువత్తి. పూజగదిలో వాటి స్థానం వాటికి ఉన్నది. పొగ సోకిన గదిలో మరల పొగ వేయడం వలన గోడలపైకి కొత్త జిడ్డు చేరడం తప్ప ప్రయోజనం లేదు. కర్పూరం, కలరా ఉండలు, సుగంధ స్ప్రేలు, దోమల చుట్టలు కూడ ఈ కోవలోనివే. బ్లీచింగ్ ద్రావణం సూక్ష్మజీవులను చంపుతుంది గాని మసిని తొలగించదు. దానిని స్నానాల గది యాసిడ్‌తో గాని వెనిగర్‌తో గాని కలిపినట్లయితే క్లోరిన్ వాయువు వెలువడి శుభ్రం చేసేవారికే ముప్పు వాటిల్లుతుంది. ఓజోన్ యంత్రాలు అద్దెకు తెచ్చి నడిపే వారు కూడ ఉన్నారు. ఓజోన్ ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువు. అది రబ్బరును సైతం పెళుసుబారుస్తుంది. మనుషులు, జంతువులు ఉన్న ఇంట్లో దానిని వాడరాదు. వీటన్నింటి బదులు మసి తొలగించిన పిదప వంట సోడాను, యాక్టివేటెడ్ బొగ్గును వెడల్పాటి పళ్లేలలో గదిలో ఉంచి, గాలి ఆడనివ్వడం చాలును. ఇందుకు ఓపిక కావాలి, ఖర్చు స్వల్పమే.

దీపాల విషయం తరచుగా విస్మరించబడుతున్నది. ఎండకు బదులుగా అమర్చే యూవీ-బి దీపంపై పలుచని మసి పొర ఉన్నా ఆ కిరణాలు ప్రాణిని సరిగా చేరవు. వెలుతురు మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. ఆ కిరణాలు లేనిదే విటమిన్ డి3 తయారు కాదు, కాల్షియం ఒంటబట్టదు. కొన్ని నెలలకు ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోయినప్పుడు గాని యజమానికి సంగతి తెలియదు. వేడినిచ్చే బల్బులపై మసి ఉంటే వేసిన ప్రతిసారీ అది మాడి కొత్తగా వాసన పుడుతుంది. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారిన తరువాత తుడవాలి. తీగ తొడుగు కరిగినట్లు కనిపించిన ఏ పరికరాన్నైనా మార్చివేయడమే క్షేమం.

ఏసీ ఫిల్టర్, కాయిల్‌ను మెకానిక్ చేత కడిగించాలి. డిస్టెంపర్ వేసిన గోడలు వాసనను పీల్చుకుంటాయి కనుక కడిగినా పోనప్పుడు వాసనను అడ్డగించే ప్రైమర్ పూసి రంగు వేయవలసి ఉంటుంది. రంగు వాసన పూర్తిగా పోయేవరకు ప్రాణులను ఆ గదికి తీసుకురాకూడదు.

ఇట్టి సంఘటనలలో చట్టపరమైన అంశం ఒకటి ముడిపడి ఉన్నది. నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ వంటి స్వదేశీ జాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షిత జాతులు, వాటిని ఇంట్లో పెంచుకోవడం నేరం. విదేశీ జాతుల విషయంలో, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టం నాలుగవ షెడ్యూలులోని ప్రాణులను కలిగి ఉండటాన్ని, చేతులు మారడాన్ని, వాటికి సంతానం కలగడాన్ని నమోదు చేయించవలసి ఉన్నది. ఇందుకు 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు జారీచేసింది. దరఖాస్తులు పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా సమర్పించాలి. సాధారణంగా పెంచే బాల్ పైథాన్, ఆకుపచ్చ ఇగువానా ఈ కోవలోనివి. పత్రాలు సక్రమంగా లేవన్న భయంతో పొగ పీల్చిన ప్రాణిని వైద్యునికి చూపకుండా దాచిపెట్టినట్లయితే, చికిత్సకు అక్కరకు వచ్చే మొదటి రోజులే వృథా అవుతాయి. అగ్నిమాపక సిబ్బందికి కూడ ఇంట్లో ఏ జాతి ప్రాణులు, ఏ గదిలో ఉన్నవో ముందుగానే చెప్పడం వారి భద్రత దృష్ట్యా అవసరం. వార్తలు వ్రాసే విలేకరులు బాల్ పైథాన్‌ను స్వదేశీ కొండచిలువగా పేర్కొన్నట్లయితే కేసు స్వరూపమే మారిపోతుంది కనుక జాతి పేరును అటవీ శాఖ అధికారుల వద్ద నిర్ధారించుకొనడం మంచిది. పొగకు బెదిరి పరిసరాలలోని పొదల నుంచి ఇళ్లలోకి వచ్చిన పామును ఎవరూ స్వయంగా పట్టుకొనబోకూడదు. నగరంలో ఈ సేవ చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థలకు గాని, అటవీ శాఖకు గాని తెలియజేయాలి.

ప్రాణిని తిరిగి గదికి తీసుకురావడానికి ముందు రెండు పరీక్షలు చేయవచ్చును. శుభ్రమైన తెల్లగుడ్డను తడిపి గోడను, తొట్టె అంచులను, దీపాల వెనుక భాగాన్ని తుడిచినప్పుడు గుడ్డకు నలుపు అంటరాదు. రెండవది, ఖాళీ తొట్టెలలో హీటర్లు, దీపాలు వేసి, తలుపులు మూసి ఒక దినమంతా గదిని దాని మామూలు వేడిమికి తేవాలి. అనంతరం ఆ ఇంట్లో నివసించని వ్యక్తిని లోనికి పిలిచి వాసన చూడమనాలి. ఇంటివారి ముక్కు కొద్ది నిమిషాలలోనే ఆ వాసనకు అలవాటుపడిపోతుంది గనుక వారి మాట ప్రమాణం కాదు. వాసన వచ్చినట్లయితే మసి ఇంకా ఎక్కడో మిగిలి ఉన్నదని గ్రహించి తొలి దశ నుంచి తిరిగి ప్రారంభించాలి. తొట్టెలను, సామగ్రిని వంటింటి సింక్‌లో కడగరాదు. ఆరోగ్యంగా ఉన్న సరీసృపాలు సైతం సాల్మొనెల్లా క్రిములను మోసుకు తిరుగుతుంటాయి కనుక అయిదేళ్ల లోపు పిల్లలను ఈ పనులకు దూరంగా ఉంచాలి. పొగ గాని, మంట గాని కనిపించిన వెంటనే అగ్నిమాపక శాఖకు 101 నంబరు ద్వారా తెలియజేయవలసిందిగా కోరడమైనది.